మా కల్టివేటర్ నడిమి పన్ను

రెండేళ్ళ కిందట జులై నెలాఖర్లో మా చెనక్కాయ చేన్లో ప్రతి ఐదు సాళ్ళకి ఒక సాలు లేకుండా పోయింది. పురుగు కాదు, అడవిపందులు కాదు, మేం కొత్తగా కొన్న కల్టివేటర్, అదే, ట్రాక్టర్ వెనక తగిలించే ఇనుప పళ్ళ పనిముట్టు. విత్తి ఇరవై రెండు రోజులయింది, మొక్కలు జానెడు కూడా లేవు, ముందురోజు పడ్డ వానకి మంచి పదును ఉంది, కలుపు అప్పుడే ఆకు విప్పుతోంది. ఇంతకంటే మంచి రోజు దొరకదని మా మరిది పొద్దున్నే ట్రాక్టర్ దించాడు. నేను పదింటికి సంగటి తీసుకుని పోయేసరికి అర ఎకరా అయిపోయింది. గట్టు మీద నుంచి చూస్తే చేను ఎర్రగా, దువ్వినట్టు ఉంది. దిగి చూస్తే ఐదు సాళ్ళలో నడిమి సాలు మొత్తం వేళ్ళతో సహా పైకి లేచి ఎండకి వాడిపోతోంది.

"ఆపు ఆపు" అని అరుస్తూ పరిగెత్తాను, ఇంజిన్ చప్పుడులో వాడికి వినపడలేదు, కయ్య కొసకి పోయి తిరిగేటప్పుడు నన్ను చూసి ఆపాడు. దిగి వెనక్కి చూసుకున్నాక వాడి మొహం చూడలేకపోయాను. "వదినా, నేను ముందే చూస్తా ఉన్నా, టైర్లు ఎక్కడా మొక్క మీద ఎక్కకూడదని" అన్నాడు. నిజమే, టైర్లు ఒక్క మొక్కని కూడా తొక్కలేదు. అర ఎకరాలో ఐదో వంతు, అంటే పది సెంట్ల పంట, కల్టివేటర్ నడుమ ఉన్న ఒకే ఒక్క పన్ను పెరికేసింది. ఆ పన్ను తీయడానికి రెండు నట్లు విప్పితే చాలు. ఆ సంగతి మాకెవరికీ తట్టలేదు.

ఈ పోస్టు ఆ రెండు నట్ల గురించే. ట్రాక్టర్ల గురించి, ఎంత హెచ్‌పీ, ఎంత డీజిల్ తాగుతుంది అని మాట్లాడుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. వెనక తగిలించే కల్టివేటర్ గురించి ఎవరూ మాట్లాడరు. మట్టిని తాకేది అదే కదా.

మాది చిత్తూరు వైపు పాకాల దగ్గర, దామలచెరువు పక్క. రెండు ఎకరాల మెట్ట చేను, ఎకరన్నర బోరు కింద చెరకు, రెండు ఎకరాలు తోతాపురి తోపు. మా ఆయన కువైట్‌లో మెకానిక్. ఇక్కడ సేద్యం చూసుకునేది నేను, మా మామ, మా మరిది. మామకి డెబ్బై దాటింది, ఇప్పుడు చేన్లోకి దిగడం లేదు కానీ గట్టున కూర్చుని అన్నీ చూస్తారు. మూడేళ్ళ ముందు వరకూ మాకు సొంత ట్రాక్టర్ లేదు. బాడుగకి పిలిచేవాళ్ళం. వచ్చే ప్రతి బండికీ వెనక తొమ్మిది పళ్ళ కల్టివేటర్, పంటికీ పంటికీ మధ్య తొమ్మిది అంగుళాలు, షోరూంలో ఎట్లా బిగించి ఇచ్చారో అట్లాగే, నట్ల మీద తుప్పు కూడా కదలకుండా. చెనక్కాయ చేనుకి అదే, మామిడి తోపుకి అదే, చెరకు నరికిన కయ్యకి అదే. "కాస్త పళ్ళు దూరం చేసి దున్ను నాయనా" అని ఒకసారి అడిగాను. "అక్కా, అది విప్పి బిగించాలంటే గంట పడుతుంది, ఆ గంటకి నువ్వు డబ్బులిస్తావా?" అన్నాడు డ్రైవర్. వాడు అడిగిందాంట్లో తప్పేం లేదు. గంట లెక్కన బాడుగ ఉన్నప్పుడు పానా పట్టుకుని కూర్చునే గంటకి ఎవరు డబ్బు ఇస్తారు? ఓనర్ పక్క ఊళ్ళో ఫోన్ చేస్తూ ఉంటాడు, ఇంకో ముగ్గురు రైతులు పదును ఆరిపోతుందని ఎదురుచూస్తూ ఉంటారు.

నాకు దిగులేసేది ఎక్కడంటే, ఈ సర్దుబాటు మన రైతులకి ఎప్పుడూ తెలియని విద్యేం కాదు. మామ చెప్తారు, ఎద్దుల మడక ఉన్న రోజుల్లో లోతు పెంచాలన్నా తగ్గించాలన్నా కాడికి మడకని కట్టే చోటు కాస్త ముందుకో వెనక్కో జరిపేవాళ్ళట. పొద్దున్నే రెండు సాళ్ళు దున్ని, మట్టి ఎట్లా తిరుగుతోందో చూసి, మళ్ళీ ఆపి తాడు సర్ది, అప్పుడు అసలు పని మొదలు. విత్తే గొర్రు వేరు, కలుపుకి దంతె వేరు, పై మట్టి కదిలించడానికి గుంటక వేరు. ఏ సాళ్ళకి ఎంత వెడల్పు దంతె కావాలో ఆచారికి చెప్పి చేయించుకునేవాళ్ళు. ట్రాక్టర్ వచ్చాక బలం ఎన్నో రెట్లు పెరిగింది, సర్దుకునే అలవాటు మాత్రం మన చేతిలోంచి డ్రైవర్ చేతికి పోయింది, డ్రైవర్‌కి టైం లేదు కాబట్టి అక్కడా ఆగిపోయింది.

ట్రాక్టర్ వెనక ఉన్నదంతా సర్దుబాటు కోసమే, ఆ సంగతి నాకు మా ఆయన వీడియో కాల్‌లో చెప్పేదాకా తెలియదు. వెనక పనిముట్టు తగిలించే మూడు చోట్లు ఉంటాయి కదా, కింద రెండు చేతులు, పైన ఒక కడ్డీ. హైడ్రాలిక్ లిఫ్టుతో కలిపి దాన్ని పట్టాలెక్కించినాయన హ్యారీ ఫెర్గూసన్ అనే ఐరిష్ మనిషి. 1939లో ఫోర్డ్ కంపెనీ 9ఎన్ ట్రాక్టర్‌తో అది పెద్ద ఎత్తున బయటికొచ్చింది. ఇప్పుడు మనం చూసే మాస్సీ ఫెర్గూసన్ బళ్ళ మీద ఉన్నది ఆయన పేరే, వాటిని చేసే టాఫే కంపెనీ మనకి పక్కనే మద్రాసులో 1960లో మొదలయింది. అంతకుముందు పనిముట్టుని ట్రాక్టర్ వెనక బండిలాగా ఈడ్చుకుపోవడమే. ఈ మూడు చోట్ల పద్ధతి వచ్చాక పనిముట్టు ట్రాక్టర్ ఒంట్లో భాగమైపోయింది, ఎత్తొచ్చు, దించొచ్చు, ముందుకి వంచొచ్చు, ఒక పక్కకి ఒంచొచ్చు. ఇన్ని చేయగలిగేదాన్ని మనం ఎత్తడం దించడం రెండింటికే వాడుతున్నాం.

సరే, మా కల్టివేటర్ సంగతి. 27 హెచ్‌పీ మినీ ట్రాక్టర్ కొన్నప్పుడే, పళ్ళు జరుపుకునే రకం కావాలని మా ఆయన పట్టుబట్టాడు. చాలా కల్టివేటర్లలో ఫ్రేముకి రంధ్రాలు కొట్టి ఉంటాయి, ఆ రంధ్రాల్లోనే పన్ను బిగించాలి. మాది అట్లా కాదు. ఆరడుగుల పొడవు చదరపు ఇనుప దూలాలు రెండు, ముందొకటి వెనకొకటి. ఏడు పళ్ళు. ప్రతి పన్నూ యూ ఆకారపు క్లాంపుతో దూలాన్ని పట్టుకుని ఉంటుంది. నట్లు వదులు చేస్తే పన్ను దూలం మీద అటూ ఇటూ ఎక్కడికైనా జరుగుతుంది, అంగుళం అంటే అంగుళం. ముందు వరసలో మూడు, వెనక వరసలో నాలుగు ఉంచుతాం, అన్నీ ఒకే వరసలో ఉంటే గడ్డీ చెత్తా పళ్ళ మధ్య ఇరుక్కుని చాపలాగా చుట్టుకుంటుంది. ప్రతి పంటికీ రెండు బలమైన స్ప్రింగులు, రాయి తగిలితే పన్ను వెనక్కి మడుచుకుని, రాయి దాటాక మళ్ళీ తన చోటుకి వస్తుంది. మాది గుట్ట కింద చేను, రాళ్ళకి లెక్కలేదు, స్ప్రింగు లేనిది అయితే మొదటిరోజే విరిగిపోయేది. కొనేటప్పుడు తక్కువ ధరకి దొరుకుతుందని స్ప్రింగు లేనిది తీసుకోకండి, మీది నల్లరేగడి అయితే వేరే మాట, మన వైపు ఎర్ర గరప నేలల్లో అది పని చేయదు.

చెనక్కాయ లెక్క చెప్తాను, ఎందుకంటే నడిమి పన్ను ఎందుకు తీయాలో అక్కడే తెలుస్తుంది. వర్షాధారం చెనక్కాయకి సాలుకీ సాలుకీ మధ్య అడుగు, మొక్కకీ మొక్కకీ నాలుగంగుళాలు అని తిరుపతి పరిశోధన కేంద్రం వాళ్ళు చెప్తారు. పెద్ద ట్రాక్టర్ వెనక టైరు ఒక్కటే పదమూడున్నర అంగుళాల వెడల్పు ఉంటుంది, అది అడుగు సందులో నడవలేదు, అది లెక్కల ప్రకారమే అయ్యే పని కాదు. మినీ ట్రాక్టర్ టైరు ఎనిమిది అంగుళాల చిల్లర. అదీ అడుగు సందులో పోతుంది కానీ పక్కకి రెండంగుళాలు కూడా మిగలవు, ఒక్కసారి స్టీరింగ్ అదిరితే చాలు.

అందుకే మేం విత్తేటప్పుడే ఒక లెక్క పెట్టుకున్నాం. మా బండి వెనక టైర్ల నడుమ నుంచి నడుమకి కొలిస్తే 39 అంగుళాలు. ఐదు సాళ్ళ విత్తన గొర్రు తెచ్చి, టైర్లు నడిచే రెండు సందుల్ని 15 అంగుళాలు చేసి, మిగిలినవి అడుగే ఉంచాం. ఇప్పుడు ట్రాక్టర్ నడుమ నుంచి చూడండి. సరిగ్గా నడుమ కింద ఒక సాలు. దానికి అటొకటి ఇటొకటి అడుగు దూరంలో. ఆ తర్వాత టైర్ల సందులు. వాటి అవతల చెరొక సాలు. మొత్తం ఐదు. ఇంజిన్ కింద, డ్రైవర్ కాళ్ళ మధ్య పోయేది సందు కాదు, సాలు! కొత్త కల్టివేటర్‌లో ఏడు పళ్ళు, నాలుగో పన్ను కచ్చితంగా నడుమ. అది ఎక్కడికి పోతుంది? సాలు మీదికే. విత్తేటప్పుడు లెక్కపెట్టిన మేమే, కలుపు తీసేటప్పుడు ఆ లెక్క కల్టివేటర్‌కి చెప్పలేదు.

ఆ సాయంత్రం ఇంటి ముందు సిమెంటు గచ్చు మీద ట్రాక్టర్ పెట్టి, సుద్దముక్కతో ఐదు సాళ్ళూ గీసి, దాని మీద కల్టివేటర్ దించి చూశాం. నడిమి పన్ను తీసేశాం. రెండు పళ్ళు నడుమ నుంచి ఆరేసి అంగుళాల దూరానికి, రెండు పళ్ళు టైర్ల వెనక పందొమ్మిదిన్నర అంగుళాలకి, రెండు కొసల్లో ముప్పై మూడు అంగుళాలకి. ఆరు పళ్ళు, ప్రతిదీ సందు మధ్యలో. టైరు వెనక పన్ను ఉండి తీరాలి, టైరు తొక్కి గట్టిపరిచిన మట్టిని ఆ పన్నే వదులు చేయాలి, లేకపోతే ఆ రెండు సందుల్లో నీళ్ళు ఇంకకుండా పల్లానికి పారిపోతాయి. ఇంకోటి, అటువైపు ఎన్ని పళ్ళుంటే ఇటువైపు అన్నే, అంతే దూరంలో. తేడా వస్తే బండి ఒక పక్కకి లాగుతుంది, ఆ లాగుడుని స్టీరింగ్‌తో ఆపాలని చూస్తే చేతులు పడిపోతాయి, సాళ్ళూ పోతాయి.

మరుసటి రోజు మిగిలిన ఎకరన్నర దున్నితే ఒక్క మొక్క పోలేదు. ఆ సుద్దగీతలు నాలుగు రోజులు తుడవనివ్వలేదు నేను.

చెనక్కాయలో ఈ పని చేయడానికి గడువు ఉంది, అది దాటితే మంచి కల్టివేటరే శత్రువు అవుతుంది. విత్తిన 45 రోజుల తర్వాత సాళ్ళ మధ్య ఏ పనిముట్టూ దించకూడదు. పూలు రాలాక ఊడలు మట్టిలోకి దిగుతాయి, కాయ కట్టేది వాటి కొసలోనే, ఒక్కసారి కదిపితే ఆ ఊడ మళ్ళీ దిగదు. మేం ఇరవై, ఇరవై ఐదు రోజుల మధ్య ఒకసారి, పూత మొదలయ్యేటప్పుడు ఎకరాకి 200 కిలోల జిప్సం మొదళ్ళ దగ్గర వేసి ఇంకోసారి. అంతే. ఆ తర్వాత ఏదైనా కలుపు కనపడితే చేత్తో పీకడమే.

లోతు గురించి చెప్పాలి. కలుపుకి రెండు మూడు అంగుళాలు చాలు. చాలామంది లోతుగా పోతే మంచిదనుకుంటారు, కలుపు తీసేటప్పుడు లోతుగా పోతే తేమ పైకొచ్చి ఆవిరవుతుంది, పంట వేళ్ళు తెగుతాయి. మరి లోతు ఎక్కడ సర్దాలి? గచ్చు మీద కల్టివేటర్ దించి వెనక నుంచి చూడండి. ఎడమ కొస ఆనుతోంది, కుడి కొస లేచి ఉంది అంటే కుడిచేతి లిఫ్టు కడ్డీకి తిప్పే హ్యాండిల్ ఉంటుంది, దాన్ని తిప్పి సమం చేయాలి. తర్వాత పక్క నుంచి చూడండి. ముందు వరస పళ్ళు ఆని వెనక వరస లేచి ఉంటే పైన ఉన్న కడ్డీ, టాప్ లింక్ అంటారు కదా, దాన్ని కాస్త పొడవు చేయాలి. వెనక వరస దిగబడి ముందు వరస తేలితే పొట్టి చేయాలి. మూడు నాలుగు తిప్పుళ్ళతో అయిపోతుంది. మా పక్క చేను అన్న పదేళ్ళుగా ట్రాక్టర్ నడుపుతున్నాడు, ఆ టాప్ లింక్ తుప్పు పట్టి తిరగనే తిరగదు, ఆయన బండి వెళ్ళిన చోటల్లా ముందు పళ్ళ గుర్తు లోతుగా, వెనక పళ్ళ గుర్తు గీరినట్టు ఉంటుంది. పోయిన వేసవిలో కిరసనాయిలు పోసి, రెండు రోజులు నాననిచ్చి, వదులు చేసి ఇచ్చాం.

కింది చేతులకి రెండు పక్కలా గొలుసులు ఉంటాయి, కల్టివేటర్ అటూ ఇటూ ఊగకుండా. మామూలు దుక్కికి కాస్త వదులుగా ఉన్నా పర్వాలేదు, సాళ్ళ మధ్య పనికి మాత్రం బిగించాల్సిందే. మీరెంత నేరుగా నడిపినా వెనక కల్టివేటర్ మూడంగుళాలు ఊగితే మొక్కకి తగులుతుంది. వేగం కూడా తగ్గించాలి, తొందరపడితే ఎగిరిన మట్టి చిన్న మొక్కల్ని కప్పేస్తుంది. ఇక లిఫ్టు లీవర్లు రెండుంటాయి. ఒకటి ఎత్తు ఎక్కడ పెడితే అక్కడ నిలబెట్టేది, ఇంకోటి బరువు పెరిగితే తనే కాస్త లేపేది. కలుపు పనికి మొదటిదే వాడాలి, వేసవి దుక్కికి రెండోది. మా మరిదికి ఇది తెలిశాక ఇంజిన్ మూలగడం తగ్గింది.

ఇక బోల్టులు. మొదటి ఏడాది మాకు పళ్ళు నిలబడేవి కావు. బిగించి గంట దున్నేసరికి కొస పన్ను రెండంగుళాలు జరిగి ఉండేది. ఇంకా గట్టిగా బిగిస్తే మర అరిగిపోయి నట్టు తిరుగుతూనే ఉండేది. అమ్మిన షాపులో అడిగితే "మీరు సరిగ్గా బిగించలేదమ్మా" అన్నారు. ఆడమనిషి పానా పట్టుకుంటే బిగువు ఉండదని వాళ్ళ ఉద్దేశం, అది నాకు బాగా బాధేసింది. ఆ రాత్రి మా ఆయన వీడియోలో "బోల్టు తల మీద ఏం రాసుందో చూడు" అన్నాడు. ఏమీ లేదు, నున్నగా ఉంది. మంచి ఉక్కు బోల్టు తల మీద 8.8 అని అంకె ఉంటుందట, అంకె లేనిది మెత్త ఇనుము, గోడకి తలుపు బిగించడానికి తప్ప దుక్కికి పనికిరాదు. చిత్తూరుకి పోయి పద్నాలుగు జతలు 8.8వి తెచ్చాను, ఆచారి దగ్గర యూ క్లాంపులు కూడా మందమైన కడ్డీతో కొత్తగా వంచించాను. ఆ తర్వాత ఇప్పటిదాకా ఒక్క పన్నూ జరగలేదు. మీరు కొత్త కల్టివేటర్ కొంటే డబ్బు ఇచ్చే ముందు బోల్టు తలలు చూడండి. అట్లాగే మొదటి అరగంట దున్నాక ఆపి అన్ని నట్లూ ఇంకోసారి బిగించండి, రంగు పొర నలిగి కాస్త వదులవుతాయి, ఒక్కసారి బిగిస్తే చాలు. 24 నంబర్ పానా ఒకటి ట్రాక్టర్ టూల్ బాక్సులో ఎప్పుడూ ఉండాలి.

ఇక్కడే ఒక మాట, చాలా ముఖ్యం. పళ్ళు జరిపేటప్పుడు కల్టివేటర్‌ని లిఫ్టు మీద ఎత్తి ఉంచి దాని కిందికి ఎవరూ పోకూడదు. ఇంజిన్ ఆపి ఉన్నా సరే. హైడ్రాలిక్ నూనె ఎప్పుడు దిగిపోతుందో ఎవరికీ తెలియదు, పక్కన ఆడుకునే పిల్లాడు లీవర్ తోస్తే చాలు. మేం దూలం కింద రెండు మొద్దులు పెట్టి, దాని మీదికి పూర్తిగా దించి, తాళంచెవి నా కొంగున కట్టుకున్నాకే పానా పట్టుకుంటాం. మా పిల్లలిద్దర్నీ ఆ టైంలో ఇంట్లోకి పంపేస్తాను.

చెరకులో కథ వేరు. ముందు మేం రెండున్నర అడుగుల సాళ్ళు వేసేవాళ్ళం, అందులో ఏ బండీ పోదు, మొత్తం కూలీల మీదే, పారతో మట్టి ఎగదోయడం ఎంత నడుం నొప్పి పనో చేసినవాళ్ళకి తెలుసు. ఇప్పుడు ఐదడుగులకి మార్చాం. మా బండి టైర్ల బయటి అంచు నుంచి బయటి అంచుకి నాలుగడుగులు, కాబట్టి సందులో పోతుంది, రెండు పక్కలా అరడుగు మిగులుతుంది. ఇక్కడ మూడే పళ్ళు, నడుమ ఒకటి, అడుగు దూరంలో అటొకటి ఇటొకటి, మిగతా నాలుగూ షెడ్డులోనే. చెనక్కాయలో తీసేసిన నడిమి పన్నే చెరకులో ముందు ఉండాల్సింది. పిలకలు పెట్టే దాకా ఇదే పద్ధతి, తర్వాత మూడు నెలలు దాటాక పళ్ళు తీసి బోదె నాగలి తగిలించి మట్టి ఎగదోస్తాం. సాళ్ళు దూరం చేస్తే దిగుబడి పోతుందని మామ మొదట ఒప్పుకోలేదు. "ఏమ్మా, ఇంత నేల ఖాళీగా వదిలేస్తావా?" అని రోజూ అడిగేవారు. ఇప్పుడు అడగడం లేదు, గాలీ వెలుతురూ తగిలి గడలు లావెక్కాయని ఆయనే వచ్చినవాళ్ళకి చూపిస్తున్నారు.

మామిడి తోపులో మేం నేర్చుకున్నది ఎక్కువగా ఏం చేయకూడదన్నదే. తోతాపురి కొమ్మలు కిందికి వాలి ఉంటాయి, ట్రాక్టర్ కిందికి పోతే కొమ్మలు విరుగుతాయి, డ్రైవర్ కంటికి తగులుతాయి. బాడుగ బళ్ళు అట్లాగే దూరిపోయి మొదలు దగ్గర ఆరేడు అంగుళాల లోతున దున్నేసేవి. చెట్టు తిండి లాక్కునే సన్న వేళ్ళు పై మట్టిలోనే ఎక్కువ, ఏటా వాటిని కోసేస్తూ, ఏటా ఎరువు వేస్తూ పోయాం. ఇప్పుడు కోతలు అయిపోయాక జులైలో మంచి వాన పడగానే ఒకసారి, ఈశాన్య రుతుపవనం వానలు అయ్యే ముందు ఇంకోసారి, మూడు నాలుగు అంగుళాలే. పంటి కొసన మామూలు కర్రు తీసి బాతు పాదంలా వెడల్పుగా ఉండే కర్రు, స్వీప్ అంటారు, అది బిగిస్తాం. అది లోతుకి పోదు, కలుపు మొదళ్ళని మట్టి కింద కోసుకుంటూ పోతుంది. ఇంకా కల్టివేటర్ మొత్తాన్నీ ట్రాక్టర్ నడుమ నుంచి కుడికి ఒక అడుగు జరిపి తగిలిస్తాం, కింది చేతుల పిన్నులు ఉండే పలకలు కూడా దూలం మీద జరుగుతాయి కాబట్టి. ట్రాక్టర్ కొమ్మల బయటే నడుస్తుంది, కల్టివేటర్ మాత్రం కొమ్మ కిందికి చెయ్యి చాపినట్టు పోతుంది. అడుగు కంటే ఎక్కువ జరపకండి, బండి పక్కకి లాగుతుంది. పూత మొదలయ్యాక తోపులోకి ట్రాక్టర్ దించడం పూర్తిగా మానేశాం.

కర్రుల గురించి ఇంకొంచెం. మామూలు కర్రుకి రెండు కొసలు ఉంటాయి, ఒకటి అరిగితే తిప్పి రెండోది వాడుకోవచ్చు. అరిగిన కర్రుతో దున్నితే బండి బరువుగా లాగుతుంది, డీజిల్ పోతుంది, మట్టి కోయకుండా నొక్కుకుంటూ పోతుంది. ఏటా ఒకే లోతున ఇట్లా నొక్కుకుంటూ పోతే కింద గట్టి పొర తయారవుతుంది, వాన నీళ్ళు దాని మీదే ఆగిపోతాయి, వేళ్ళూ ఆగిపోతాయి. అందుకే వేసవి దుక్కికి ఒక ఏడాది ఐదంగుళాలు, ఇంకో ఏడాది ఏడు అట్లా మారుస్తున్నాం, అది కూడా వాలుకి అడ్డంగానే.

ఇప్పుడు ప్రతిసారీ టేపు పట్టుకుని కొలవడం లేదు. పోయిన సంక్రాంతికి ఇంటి గేటుకి రంగు వేస్తే మిగిలిన డబ్బాలతో దూలం మీద గీతలు పెట్టాను. తెల్ల గీతలు చెనక్కాయవి, ఎర్ర గీతలు చెరకువి, పచ్చ గీతలు తోపువి, గీత లేకుండా సమంగా ఏడు పళ్ళూ ఉండే చోట సుత్తితో చిన్న చుక్క కొట్టించాను, అది వేసవి దుక్కికి. పన్ను గీత మీదికి జరపడం, బిగించడం, అంతే. మొదట్లో గంటన్నర పట్టేది, ఇప్పుడు నేనూ మా మరిదీ కలిసి నలభై నిమిషాల్లో చేస్తున్నాం. ఊళ్ళో ఇద్దరు ముగ్గురు వచ్చి గీతలు ఫోటో తీసుకుపోయారు. వాళ్ళకి నేను చెప్పేది ఒకటే, నా గీతలు మీ బండికి పనికిరావు, మీ టైర్ల మధ్య దూరం కొలవండి, మీ సాళ్ళు కొలవండి, గచ్చు మీద సుద్దతో గీసి చూసుకోండి. బాడుగ బండి అయినా సరే, ఆ సర్దే గంటకి కూడా డబ్బు ఇచ్చేయండి. నేను ఆ రోజు డ్రైవర్‌కి ఇవ్వనన్నాను. పది సెంట్ల చెనక్కాయతో పోల్చుకుంటే ఆ గంట బాడుగ చాలా తక్కువ.

నిన్న రాత్రి వాన పడింది. పొద్దున్నే చేన్లో పిడికెడు మట్టి తీసి నొక్కి వదిలాను, ముద్దయి మళ్ళీ విడిపోయింది, చేతికి అంటలేదు. ఈ ఏడు ధరణి రకం వేశాం, తిరుపతిలోనే తయారైన విత్తనం, మొలక బాగా వచ్చింది, ఇవాళ్టికి ఇరవై ఒకటో రోజు. రేపు పొద్దున ట్రాక్టర్ దించుతాం. పళ్ళన్నీ తెల్ల గీతల మీదికి జరిపాను, గొలుసులు బిగించాను, నట్లు మరోసారి మామ ముందు తిప్పి చూపించాను. నడిమి పన్ను తీసి గోనెసంచిలో చుట్టి షెడ్డు మూలన పెట్టాను.